మాస్టారిని అడగండి: ఓవెన్ మళ్లీ ఎందుకు వెళ్లాడు?

ప్రశ్న: మా అబ్బాయికి డిగ్రీ ఇంగ్లీషులో విల్ఫ్రెడ్ ఓవెన్ పద్యం పాఠంగా ఉంది. యుద్ధాన్ని అంతగా ఏవగించుకున్నవాడు తనంతట తాను సైన్యంలో ఎందుకు చేరాడు, దెబ్బతిని వెనక్కి వచ్చినవాడు మళ్లీ ఎందుకు వెళ్లాడు అని అడిగాడు. నేను చెప్పలేకపోయాను. మీరు చెప్తారా మాస్టారూ?
— ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ముప్పై ఏళ్లు క్లాసులో పిల్లలు నన్ను అడిగిన ప్రశ్నే ఇది. మొదట్లో నేనూ తడబడేవాణ్ణి. అతను వాళ్లమ్మకు రాసిన ఉత్తరాలు చదివాకే నాకు దారి దొరికింది.

చేరేనాటికి యుద్ధం ఎలా ఉంటుందో అతనికి తెలియదు. 1893లో ఇంగ్లండ్‌లో ఆస్వెస్ట్రీ దగ్గర పుట్టాడు. తండ్రి రైల్వే ఉద్యోగి. నలుగురు పిల్లల్లో ఇతనే పెద్ద. యూనివర్సిటీలో చదివించే స్తోమత ఇంట్లో లేదు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఫ్రాన్స్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాడు. వెళ్లాలా వద్దా అని ఏడాదికి పైగా ఊగిసలాడాడు. ఆ రోజుల్లోనే తల్లికి రాశాడు: యుద్ధరంగంలో తనను నిలబెట్టేది ఏదైనా ఉంటే, అది ఇంగ్లీషు కవి కీట్స్ రాసిన భాషను నిలబెడుతున్నాననే భావమేనని. చివరికి 1915 అక్టోబరులో లండన్‌లో పేరిచ్చాడు. నిర్బంధంగా సైన్యంలో చేర్చుకునే చట్టం బ్రిటన్‌లో 1916లో గానీ రాలేదు. అంటే అతన్ని ఎవరూ లాక్కెళ్లలేదు.

1916 జూన్‌లో మాంచెస్టర్ రెజిమెంట్‌లో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. తన కిందికి వచ్చిన సిపాయిల్ని చూసి, ముఖంలో ఏ భావమూ లేని ముద్దలని రాశాడు. ఆ మాట చదివిన ప్రతిసారీ నాకు కష్టంగానే ఉండేది. కానీ అది దాచకూడదు. అక్కడ మొదలైన మనిషి ఎక్కడికి చేరాడన్నదే మీ అబ్బాయి ప్రశ్నకు జవాబు.

1917 జనవరిలో, ఫ్రాన్స్‌లో రెండు సైన్యాల మధ్యనున్న ఖాళీ నేలలో ఒక నేలగదిని కాపాడే పని అతనికి అప్పగించారు. ఇరవై అయిదు మంది ఒకరి మీద ఒకరు పడ్డట్టు ఇరుక్కుని కూర్చున్నారు. లోపల అడుగు, రెండడుగుల నీళ్లు. యాభై గంటల పాటు పైన గుళ్లు పడుతూనే ఉన్నాయి. కాపలా కుర్రాళ్లను పైన నిలబెట్టడానికి మనసొప్పక మెట్ల మధ్య దాకా దింపి ఉంచాడు. అయినా ఒక పేలుడుకు వాళ్లలో ఒకడు కిందికి వచ్చి పడ్డాడు. చూపు పోయింది. ఆ కుర్రాడి కళ్లు ఓవెన్‌ను వదల్లేదు. చివరి ఏడాదిలో కూడా వాటి గురించే పద్యం రాశాడు.

ఆ వసంతంలోనే ఒక గుండు దగ్గర్లో పేలి అతన్ని ఎత్తి విసిరేసింది. కొన్ని రోజుల పాటు, చనిపోయిన తోటి ఆఫీసరు అవశేషాల పక్కనే ఉండాల్సి వచ్చింది. మనిషి వణికిపోయాడు. షెల్ షాక్, అంటే పేలుళ్ల మధ్య మనసు దెబ్బతినడం, అని చెప్పి ఎడిన్‌బరోలోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రికి పంపారు. అక్కడే సాసూన్ అనే మరో కవి పరిచయమయ్యాడు. ఆయనా ఆఫీసరే. మీ అబ్బాయి చదివే పద్యాల్లాంటివన్నీ ఆ తర్వాతి ఏడాదిలో వచ్చినవే.

ఇక మళ్లీ వెళ్లడం. అది పూర్తిగా అతని చేతిలోనే ఉందని చెప్పను. ఇంగ్లండ్‌లోనే ఏదో పోస్టు ఇప్పించాలని స్నేహితులు చూశారు, కుదరలేదు. కానీ వెళ్లాక, 1918 అక్టోబరులో, ఒక పెద్ద పోరు ముగిసిన వెంటనే తల్లికి రాసిన ఉత్తరం చూడండి. ఈ కుర్రాళ్లకు సాయం చేయడానికే వచ్చానన్నాడు. ఒకటి, ఆఫీసరుగా ముందు నడిచి. రెండు, వాళ్ల బాధ కళ్లారా చూసి, వాళ్ల తరఫున ప్లీడరులా మాట్లాడటానికి. ఇంగ్లీషులో అతను వాడిన మాట కూడా సరిగ్గా 'ప్లీడర్' అనే. మన తాతలు కోర్టు పనికి వెళ్తూ అన్న మాటే. ఎదురుగా చూడనివాడు ఎవరి తరఫున వాదిస్తాడు? ముద్దలన్నవాళ్లకే వకాల్తా పుచ్చుకున్నాడమ్మా.

నవంబరు 4 తెల్లవారుజామున, ఓర్స్ అనే ఊరి దగ్గర సాంబర్ కాలువ దాటాలి. అవతలి గట్టు నుంచి మెషిన్ గన్లు కాలుస్తుంటే ఇవతల తేలే వంతెన కట్టే ప్రయత్నం. ఓవెన్ సిపాయిల మధ్య తిరుగుతూ భుజాలు తట్టి ధైర్యం చెప్పాడంటారు. అక్కడే చనిపోయాడు. వయసు 25. తెప్ప మీద ఎదురు కాల్పులు జరిపి ప్రాణమిచ్చిన జేమ్స్ కిర్క్ అనే కుర్ర ఆఫీసరు సమాధి కూడా అదే ఊరి శ్మశానంలో ఉంది.

వారం తర్వాత, నవంబరు 11 మధ్యాహ్నం. యుద్ధం ముగిసిందని ష్రూస్‌బరీలో చర్చి గంటలు మోగుతున్నాయి. అప్పుడు అతని అమ్మానాన్నల చేతికి టెలిగ్రాం వచ్చింది. కార్గిల్ యుద్ధం జరిగిన ఏడాది ఈ సంగతి క్లాసులో చెప్తుంటే, అన్న సైన్యంలో ఉన్న ఒక అమ్మాయి పుస్తకం మూసేసి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. టెలిగ్రాం అనగానే ఒకప్పుడు విప్పకుండానే ఏడుపు మొదలయ్యే ఇళ్లు మనకు తెలుసు కదా. ఆ రోజు పాఠం అక్కడే ఆపేశాను.

ప్రశ్న: ఓవెన్ నోటుబుక్కులో మన టాగూర్ మాటలు దొరికాయంటారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: నిజమే. చివరిసారి ఫ్రాన్స్ బయల్దేరేముందు, తల్లీ కొడుకులు సముద్రం వైపు చూస్తూ నిలబడ్డప్పుడు, 'నేను ఇక్కణ్ణుంచి వెళ్లేటప్పుడు ఇదే నా వీడ్కోలు మాట కానీ' అన్న టాగూర్ వాక్యం అతను చెప్పాడు. ఇంగ్లీషు గీతాంజలిలో 96వ గీతం అది. చలంగారి తెలుగు గీతాంజలి మీ ఇంట్లో ఉంటే మరోసారి తీసి చూడండి. కొడుకు పోయాక తిరిగొచ్చిన చిన్న నోటుబుక్కులో, అవే మాటలు అతని చేతిరాతతో, కింద టాగూర్ పేరుతో ఆ తల్లికి కనిపించాయి. 1920లో ఆమె టాగూర్‌కు ఉత్తరం రాసింది. జరిగిందంతా చెప్పి, ఆ పద్యం మొత్తం ఏ పుస్తకంలో ఉందో దయచేసి చెప్తారా అని అడిగింది.