ఎప్పుడూ ట్రెక్ చేయనివాళ్ళు జనవరిలో కేదార్‌కంఠ ఎక్కగలరా?

ట్రెక్కింగ్ అలవాటు లేదు, మంచు అంటే ఫ్రిజ్‌లో చూడటమే, ఆఫీస్ ఫ్రెండ్స్ జనవరిలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరానికి గైడెడ్ ట్రెక్ బుక్ చేస్తున్నారు, నేను శిఖరం దాకా ఎక్కగలనా, ఫిట్‌నెస్ ఎంత ఉండాలి, ఎత్తు పడక వచ్చే తలనొప్పి, వాంతులు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవాలా అని అడిగారు కదా. ఎక్కగలరండి. ఓ నెలన్నర ముందు నుంచి రోజూ గట్టిగా నడిచి, లిఫ్ట్ మానేసి మెట్లెక్కితే సరిపోతుంది. ఫిట్‌నెస్ గురించి అందరూ అడుగుతారు గానీ చలి గురించి, గైడ్ గురించి అడిగేవాళ్ళు తక్కువ, నేను వెళ్ళిన బ్యాచ్‌లో పైదాకా ఎవరు వెళ్ళారు ఎవరు మధ్యలో ఆగారు అన్నది తేల్చింది మాత్రం ఆ రెండే.

ముందు రూట్ చెప్తా, ఎందుకంటే ఎత్తు లెక్క తెలిస్తే సగం భయం పోతుంది, మిగతా సగం ఉండటం మంచిదే. డెహ్రాడూన్ నుంచి సాంక్రీ దాకా దాదాపు 200 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు కాబట్టి రోజంతా పడుతుంది, వాంతులయ్యే అలవాటుంటే ముందు సీట్ అడిగి తీసుకోండి. పురోలా దాటాక ఏటీఎం మీద ఆశ పెట్టుకోవద్దు, క్యాష్ అక్కడే తీసేసుకోండి. సాంక్రీ ఊరు 6,400 అడుగుల ఎత్తులో ఉంటుంది, అక్కడి నుంచి అడవిలో నడుచుకుంటూ జూడా కా తాలాబ్ అనే చెరువు దగ్గరికి వెళ్తే 9,100, తర్వాత రోజు బేస్ క్యాంప్ 11,200 పైన, శిఖరం 12,500 అడుగులు. అంత ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో మూడింట రెండు వంతుల కంటే కాస్త తక్కువే, అందుకే నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వస్తుంది, అది మీ తప్పు కాదు, అందరికీ వస్తుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. 10,000 అడుగులు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్ల కంటే ఎక్కువ పెంచొద్దని డాక్టర్లు చెప్తారు. ఈ ట్రెక్‌లో చెరువు నుంచి బేస్ క్యాంప్‌కి ఒకే రోజులో 600 మీటర్లకి పైనే ఎక్కేస్తాం, అందుకే ఆ రాత్రి చాలామందికి తలనొప్పి, అన్నం సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం. కాబట్టి ఎవరైనా ఒక రోజు తగ్గించి రేటు తగ్గిస్తాం, చెరువు దగ్గర నైట్ లేకుండా నేరుగా బేస్ క్యాంప్‌కి తీసుకెళ్తాం అంటే అలాంటి ప్యాకేజీ వద్దు. డయామాక్స్ సంగతి డాక్టర్‌ని అడిగాకే, సల్ఫా మందులు పడనివాళ్ళయితే అది కచ్చితంగా చెప్పండి, వేసుకుంటే వేళ్ళు తిమ్మిరెక్కడం, మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్ళడం మామూలే, అర్ధరాత్రి టెంట్ జిప్పు తీసి ఆ చలిలో బయటికి వెళ్ళడం కంటే కష్టమైన పని మొత్తం ట్రెక్‌లో నాకు ఇంకోటి కనపడలేదు 😄 అలాగని నీళ్ళు తాగడం మానేస్తే తలనొప్పి ఇంకా పెరుగుతుంది.

చలి గురించి మనవాళ్ళకి అసలు ఐడియా ఉండదు, మందపాటి జాకెట్ ఒకటి కొనేస్తే అయిపోయిందనుకుంటాం. అసలు శత్రువు చెమట. మా బ్యాచ్‌లో ఇద్దరు కుర్రాళ్ళు మంచి స్టామినా ఉన్నవాళ్ళే, అన్ని జాకెట్లూ వేసుకుని అందరికంటే ముందు పరిగెత్తినట్టు ఎక్కేశారు, లోపలున్న కాటన్ టీషర్టులు తడిసిపోయాయి, రెస్ట్ పాయింట్ దగ్గర మిగతావాళ్ళ కోసం ఆగేసరికి ఆ తడి చల్లబడి వణుకు మొదలైంది, ఆ తర్వాత వాళ్ళు తేరుకోవడానికి చాలాసేపు పట్టింది. వాళ్ళ వెనకాల నెమ్మదిగా, ఆగకుండా నడిచిన ఒక ఆంటీ మాత్రం హాయిగా పైకి చేరారు. కాటన్, జీన్స్ ఇంట్లోనే వదిలేయండి, లోపల త్వరగా ఆరిపోయే పొర, మధ్యలో ఫ్లీస్ అనే మెత్తటి వెచ్చటి స్వెటర్ లాంటిది, పైన గాలి, నీళ్ళు ఆపే జాకెట్, నడిచేటప్పుడు కొంచెం చలిగా అనిపించేలా ఉండాలి, ఆగగానే ఇంకో పొర వేసుకోవాలి. గ్లవ్స్ రెండు జతలు. ఒక జత ఊలు సాక్సు పడుకోవడానికి మాత్రమే అని పక్కన పెట్టుకోండి, పగలు తడిసినవి వేసుకుని స్లీపింగ్ బ్యాగ్‌లో దూరితే తెల్లార్లూ కాళ్ళు వెచ్చబడవు. ఫోన్, టార్చ్ బ్యాటరీలు కూడా స్లీపింగ్ బ్యాగ్‌లోనే పెట్టుకోవాలి, చలికి ఛార్జింగ్ టక్కున పడిపోతుంది. వాటర్ బాటిల్ బ్యాగ్‌లో తలకిందులుగా పెట్టండి, నీళ్ళు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి అలా పెడితే మూత వైపు గడ్డకట్టదు.

సమ్మిట్ రోజు, అంటే శిఖరం ఎక్కే రోజు, తెల్లవారుజామున మూడింటి ప్రాంతంలో లేపి టీ ఇచ్చి, షూస్‌కి మంచులో జారకుండా మైక్రోస్పైక్స్ అనే ఇనుప ముళ్ళ పట్టీలు కట్టించి, హెడ్ టార్చ్‌లతో లైన్‌లో నడిపిస్తారు. ముందు ఒక గైడ్, చివర్లో ఒక గైడ్. చివర్లో ఉండే ఆయన చాలా ముఖ్యం, నెమ్మదిగా నడిచేవాళ్ళని ఒంటరిగా వదలకుండా చూసేది ఆయనే. ఎంత దూరం భయ్యా అని అడిగితే ఎప్పుడూ పది నిమిషాలే అంటారు, నమ్మకండి, అడగడం మానేయండి. చివరి ఎక్కుడు బాగా నిటారుగా ఉంటుంది, అక్కడ ముందున్నవాళ్ళ అడుగుల గుంటల్లోనే కాలు పెట్టండి. పైన చిన్న శివుడి స్థానం, త్రిశూలం ఉంటాయి, ఎదురుగా స్వర్గారోహిణి, బందర్‌పూంఛ్, కాలానాగ్ కనిపిస్తాయి, దాని గురించి నేనేం వర్ణించను, మీరే చూస్తారు. దిగేటప్పుడు మడమ గట్టిగా దిగేసి నడవాలి, సరదాగా కూర్చుని జారాలనిపిస్తే గైడ్ చూపించిన చోట, స్పైక్స్ విప్పేశాకే, లేకపోతే అవి మంచులో పట్టుకుని చీలమండ విరుగుతుంది.

మా బ్యాచ్‌లో ఒకతనికి ముందు రాత్రి తలనొప్పి, రెండుసార్లు వాంతి. పొద్దున బానే ఉన్నా వస్తా అన్నాడు, గైడ్ ఆక్సీమీటర్ పెట్టి చూసి, తూలుతున్నాడేమోనని సరళరేఖలో నాలుగడుగులు నడిపించి చూసి, వద్దన్నాడు, ఇంత డబ్బు కట్టి వచ్చానని అతను గొడవ పడ్డా వినలేదు, ఒక హెల్పర్‌ని తోడిచ్చి కిందికి పంపించేశాడు. చెరువు దగ్గరికి దిగేసరికి అతనికి తలనొప్పి తగ్గిపోయిందట. ఎత్తు పడకపోతే అసలు మందు కిందికి దిగడమే, మీరు డబ్బు కట్టేది అలా వద్దని చెప్పగలిగే మనిషికే. మీకు ఏ మాత్రం తేడాగా ఉన్నా దాచకుండా చెప్పేయండి, నలుగురిలో పరువు పోతుందని ఊరుకోవద్దు.

డేట్స్ మీ చేతిలో ఉంటే క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా వదిలేయండి, తిరునాళ్ళలా ఉంటుంది, చివరి ఎక్కుడు దగ్గర క్యూలో చలికి నిలబడాలి. జనవరి రెండో వారం తర్వాత బెటర్.

బుక్ చేసేముందు వాళ్ళని ఇవి అడగండి: ఒక గైడ్‌కి ఎంతమంది, వెనకాల నడిచే గైడ్ ఉంటాడా, ఆక్సిజన్ సిలిండర్ బేస్ క్యాంప్‌లో ఉంటుందా లేక సాంక్రీలోనే వదిలేస్తారా, మైక్రోస్పైక్స్, గేటర్స్ (షూస్‌లోకి మంచు దూరకుండా కాళ్ళకి కట్టుకునే తొడుగులు) ప్యాకేజీలో ఉన్నాయా అద్దెకి తీసుకోవాలా, పైకి చేరకపోయినా సరే ఎన్ని గంటలకి వెనక్కి తిప్పేస్తారు. ఈ చివరిదానికి టైమ్ చెప్పకుండా సార్ మేము అందరినీ సమ్మిట్ చేయిస్తాం అని గొప్పలు చెప్పేవాళ్ళకి అడ్వాన్స్ కట్టకండి, మీ ఫ్రెండ్స్ ఆల్రెడీ కట్టేసి ఉంటే ఆ వాట్సాప్ గ్రూప్‌లో ఈ ప్రశ్నలు ఇవాళే పెట్టండి.