పదహారేళ్ల అబ్బాయికి ప్రత్యేక పాఠశాలలో జీవన, ఉద్యోగ నైపుణ్యాలు ఎలా నేర్పుతారు?

మేధో వైకల్యం ఉన్న మీ అబ్బాయికి లెక్కలు రావట్లేదు, బెంగళూరులో ఇక స్కూలు దండగేనా అని అడిగారు. కానే కాదండీ. ఈ వయసులో మారాల్సింది పాఠం.

మంచి టీచర్లు పనిని చిన్న మెట్లుగా విడగొడతారు. బస్సు ప్రయాణమే తీసుకోండి: స్టాప్‌కి నడవడం, నంబరు గుర్తుపట్టడం, టికెట్ తీసుకోవడం, సరైన చోట దిగడం. ఒక్కో మెట్టూ విడిగా, నిజమైన బస్సులో, నిజమైన డబ్బుతో నేర్పాలి. పిల్లవాడికి పట్టు దొరికేకొద్దీ సాయం తగ్గించాలి. బొమ్మ నోట్లతో నేర్చుకున్నది అంగట్లో అక్కరకు రాకపోవచ్చు. స్కూల్లో కన్నడం, ఇంట్లో తెలుగు అయితే, ఏ పనికి ఏ మాట వాడాలో టీచరూ మీరూ ముందే మాట్లాడుకోండి. ఇది చాలామంది పట్టించుకోరు, నాకైతే చాలా ముఖ్యం.

ఉద్యోగ శిక్షణ కూడా అంతే: ప్యాకింగ్, తోటపని, వంటగది పని. వేళకు రావడం, సాయం అడగడం కూడా అందులో భాగమే. నగరంలో 1959 నుంచి ఉన్న ఏపీడీ (అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిజబిలిటీ), 1999లో మొదలైన ఎనేబుల్ ఇండియా అనే స్వచ్ఛంద సంస్థలు ఈ రంగంలో పనిచేస్తున్నాయి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్నవాళ్లకు 18 ఏళ్లు వచ్చేదాకా ఉచిత విద్య హక్కు. వైకల్యం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు, అంటే యూడీఐడీ కార్డు, లేకపోతే ఇప్పుడే దరఖాస్తు పెట్టండి.