ప్రెషర్ వాషర్‌తో ఇంటి గోడలు మనమే కడగవచ్చా? పెదవాల్తేరు నుంచి నా అనుభవం

విశాఖ ఎం.వి.పి. కాలనీలో పాత రెండంతస్తుల ఇల్లు, ఉత్తరపు గోడ నాచుతో నల్లబడింది, సంక్రాంతి లోపు రంగులు వేయించాలి, ప్రెషర్ వాషర్ (నీటిని గట్టి ఒత్తిడితో చిమ్మే యంత్రం) కొనుక్కోవాలా, మనుషులను పిలవాలా అని ఒకరు అడిగారు. నేల మీద నిలబడి అందినంత వరకు మీరే చేసుకోండి. నిచ్చెన అవసరమైన చోటు నుంచి పనివాళ్లకు వదిలేయండి. మూడేళ్ల క్రితం ఈ మాట నాకెవరైనా చెప్పి ఉంటే మా పడకగది గోడ బాగుండేది.

అప్పట్లో 120 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) యంత్రం ఒకటి కొన్నాను. మొదటి రోజు గేటు నుంచి మెట్ల దాకా ఉన్న గచ్చు కడిగాను. ఏళ్ల మురికి చారలు చారలుగా లేచిపోతుంటే చెయ్యి ఆగలేదు. ఆ హుషారుతో మర్నాడు గోడకు తిప్పాను. సన్‌షేడ్ అడుగున నల్లగా ఉందని కింది నుంచి పైకి గురిపెట్టి కొట్టాను. అక్కడ వెంట్రుకంత పగులు ఉందని నాకు తెలియదు. మూడో రోజుకు లోపలి గోడ మీద రంగు బుడగలు కట్టింది. “బయట కడగమంటే లోపల కూడా కడిగారా?” అంది మా ఆవిడ.

జరిగింది ఇది. మేడ మీది ట్యాంకు నుంచి 10 మీటర్ల కిందికి దిగిన నీటికి వచ్చే ఒత్తిడి సుమారు 1 బార్. ఇంట్లో వాడే యంత్రాలు దాన్ని నూటికి పైగా చేస్తాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను మన ఊళ్లో వాన నీటిని కిటికీ సందుల్లోంచి అడ్డంగా తోసింది గుర్తుందా? ఆ పనినే నేను డబ్బులు పెట్టి కొనుక్కుని మరీ చేశాను. వాన పైనుంచి పడుతుందని లెక్కవేసి కట్టిన గోడ అది. కాబట్టి జల్లు ఎప్పుడూ పైనుంచి కిందికే ఉండాలి. కిటికీ చట్రాల అంచులకు, సన్‌షేడ్ అడుగులకు, ఏసీ బయటి యూనిట్‌కు, మీటరు పెట్టెకు గురిపెట్టవద్దు.

అసలు గోడ మీద ఉన్నది ఏమిటో ముందు చూడండి. ఎండ తగలని ఉత్తరపు గోడ మీది నలుపు చాలావరకు నాచే. దాన్ని ఒత్తిడితో కొడితే పైపొర పోతుంది, వేళ్లూనుకున్నది మిగిలిపోయి వచ్చే వానాకాలానికి మళ్లీ పెరుగుతుంది. నాచును చంపే మందు నీళ్లలో కలిపి, కింది నుంచి పైకి పూసి, డబ్బా మీద చెప్పినంత సేపు ఆగి, ఎండిపోయే లోపే మామూలు గొట్టంతో పైనుంచి కడిగితే చాలు. సముద్రం వైపు గోడకు పట్టేది ఉప్పు. దానికి మందే అక్కరలేదు, మంచినీళ్లు చాలు. తెల్లటి పొడి పూసి ఉంటే మాత్రం అసలు కడగవద్దు. లోపలి చెమ్మ గోడలోని ఉప్పును బయటికి తెస్తోందన్నమాట. పొడి బ్రష్‌తో దులిపి, ఆ చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలి.

యంత్రాన్ని వాకిలికి, మెట్లకు, ప్రహరీకి ఉంచుకోండి. రంగుల నాజిల్‌లు ఉంటే ఎరుపు జోలికి పోవద్దు. అది 0 డిగ్రీలు, అంటే జల్లు విచ్చుకోకుండా ఒకే ధారగా వచ్చి గీత గీసినట్టు ప్లాస్టరింగును చీలుస్తుంది. తెలుపు 40 డిగ్రీలు. దానితో మూడు నాలుగు అడుగుల దూరం నుంచి, ఎవరికీ కనిపించని మూల ఒకటి చూసి మొదలుపెట్టండి. నిమిషానికి 6, 7 లీటర్లు లాగుతుంది, గంటకు సుమారు 400 లీటర్లు పోతాయి. ట్యాంకు ఖాళీ అయితే పంపు పాడవుతుంది.

ఆ జల్లును నీళ్లే కదా అనుకోవద్దు. చెప్పు మీది బురద కడుక్కుంటానని మా తమ్ముడు కాలు చాపాడు, చెప్పు అంచు తెగింది. అదే చర్మానికి తగిలితే బయటికి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, నీళ్లూ మురికీ లోపలికి చొచ్చుకుపోయి ఉంటాయి. పసుపు అద్ది ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కళ్లద్దాలు, బూట్లు తప్పనిసరి. ప్లగ్గుకు 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైతే చాలు, పడిపోయే రక్షణ స్విచ్ (ఆర్‌సీసీబీ) ఉందో లేదో చూసుకోండి, ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీద పెట్టవద్దు. మేడ మీద పాత సిమెంటు రేకుల షెడ్డు ఉంటే దాన్ని ముట్టుకోవద్దు. వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, జల్లు కొడితే ఆ పోగులు ఊడివస్తాయి, పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం. నిచ్చెన మీద నిలబడి ట్రిగ్గర్ నొక్కితే గొట్టం వెనక్కి తన్నుతుంది. దీని గురించి ఇంకేమీ చెప్పనక్కరలేదు.

ఇక మనుషుల సంగతి. మొదట వచ్చినవాళ్లు గోడ వైపు చూడకుండానే ధర చెప్పారు. బ్లీచింగ్ కలిపిన బకెట్‌లోనే యాసిడ్ కూడా పోయబోతుంటే ఆపాను. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. పైగా యాసిడ్ సిమెంటునే తినేస్తుంది. ఆ రోజు కూలి ఇచ్చి పంపేశాను.

రెండోసారి వచ్చిన పెద్దాయన ధర మాట ఎత్తలేదు. జేబులోంచి రూపాయి బిళ్ల తీసి గోడంతా కొట్టుకుంటూ వెళ్లాడు. డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా సుద్దతో సున్నా చుట్టాడు. పదకొండు సున్నాలు తేలాయి. “ఇక్కడ జల్లు కొడితే పెచ్చులు ఊడతాయండి, ముందు ఇవి పూడ్చాలి” అన్నాడు. సర్వీసు వైరు ఎటు నుంచి వస్తోంది, బావి ఉందా, పక్కింటివాళ్లు బట్టలు ఎక్కడ ఆరవేస్తారు అని అడిగాడు. మందు కొట్టే ముందు మా మందార చెట్లను మంచినీళ్లతో తడిపించాడు. పరంజా ఎక్కినవాళ్ల నడుముకు బెల్టు, దానికి తాడు ఉన్నాయి. మీరూ ఇలా ప్రశ్నలు అడిగే మనిషి కోసమే చూడండి.

బేరం చదరపు అడుగు లెక్కన అయితే కిటికీలు తీసేసి కొలుస్తారా, కలిపా అన్నది ముందే తేల్చుకోండి. ఏ మందు వాడతారో, అద్దం పగిలితే ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. పని మొదలుకాక ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసి ఉంచండి.

సంక్రాంతి లోపు అన్నారు కాబట్టి డిసెంబరు మొదటి పదిరోజుల్లో కడిగించండి. తుపాను సూచన ఉంటే రెండు రోజులు ఆగండి. కడిగిన తర్వాత సముద్రపు గాలికి మన గోడలు ఆరడానికి సమయం పడుతుంది. నేను వారం ఆగాను. రంగుల మేస్త్రి తొందరపెడితే, సాయంత్రం గోడకు అడుగు చదరం పాలిథిన్ ముక్కను నాలుగంచులా టేపుతో అంటించండి. పొద్దున లోపల తేమ కనిపిస్తే అతనికే చూపించండి.