మాటను అక్షరాలుగా మార్చే యాప్ పెడితే బధిరులకు సరిపోదా?

హన్మకొండలో క్లినిక్ నడుపుతున్నానని, వినపడని రోగుల కోసం ఫోన్‌లో అలాంటి యాప్ పెడితే సరిపోతుందా అని మీరు అడిగారు. కొందరికే సరిపోతుంది.

పెద్దయ్యాక వినికిడి తగ్గి, తెలుగు బాగా చదవగలిగేవాళ్లకు అది నిజంగా పనికొస్తుంది. గూగుల్ లైవ్ ట్రాన్‌స్క్రైబ్ తెలుగులోనూ ఉంది, ఉచితమే. కాకపోతే మన వరంగల్ మాట దానికి అంత తేలిగ్గా అందదు. "ఎప్పటిసంది నొస్తుంది?" అంటే యాప్ ఇంకేదో రాసేయొచ్చు. తెర మీద ఏం పడిందో మీరు చూశాకే ఫోన్ అటు తిప్పండి. మందుల డోసు మాత్రం చేత్తో రాసివ్వండి.

పుట్టుకతో వినపడనివాళ్ల సంగతి వేరు. చాలామందికి మొదటి భాష సైగలదే. తెలుగు తర్వాత నేర్చుకున్నది. భారతీయ సైగల భాష అంటే చేతులతో చూపే తెలుగు కాదు, దాని వ్యాకరణం దానిదే. ముఖంలో మార్పులకూ అర్థం ఉంటుంది. అందుకే "పరగడుపున వేసుకోకూడదు" అని తెర మీద చూపినా అయోమయంగా ఉండొచ్చు. అన్నం పళ్లెం, పక్కన గోలీ బొమ్మ గీసి ఏది ముందో చూపండి. ఆపరేషన్ లాంటి పెద్ద విషయమైతే వీడియో కాల్‌లో సైగల భాష దుబాసీ ఉండాల్సిందే. ఢిల్లీలోని భారతీయ సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికే 10,000 పదాల నిఘంటువు తెచ్చింది. మీ కాంపౌండర్ అందులో నొప్పి, జ్వరం లాంటివి నేర్చుకోవచ్చు.

అన్నట్టు, టోకెన్లు ఎలా పిలుస్తున్నారు? ఒక ఆసుపత్రిలో కేక వినపడక మా చిన్నమ్మ వంతు రెండుసార్లు పోయింది. నంబరు కనపడే బోర్డు ముందు పెట్టండి, యాప్ తర్వాత.