ఒక ఎన్‌ఏడీహెచ్‌కి 3.3 ఏటీపీ ఎందుకు వస్తోందంటే

ఒక ఎన్‌ఏడీహెచ్ (ఆహారం నుంచి వచ్చే ఎలక్ట్రాన్లను మోసే అణువు) నుంచి 2.5 ఏటీపీ (కణం వాడుకునే శక్తి అణువు) రావాలి కదా, లెక్కేస్తే 3.3 ఎందుకు వస్తోందని అడిగారు. మీ లెక్కలో రవాణా ఖర్చు పడలేదు. ఒక ఎన్‌ఏడీహెచ్ వల్ల మైటోకాండ్రియా లోపలి పొర దాటి బయటికి పోయే 10 ప్రోటాన్లను 3తో భాగిస్తే 3.3 వస్తుంది, నిజమే. కానీ ఆ 3 ప్రోటాన్లు, ఒక ఏటీపీ తయారీకి ఏటీపీ సింథేస్ అనే ఎంజైమ్ వాడుకునేవి మాత్రమే. తయారైన ఏటీపీ బయటికి రావాలి, దాని ముడిసరుకైన ఏడీపీ, ఫాస్ఫేట్ లోపలికి పోవాలి. దానికి ఇంకో ప్రోటాన్.

1. లోపలి పొరలోని ఏడీపీ–ఏటీపీ వాహకం 4 నెగెటివ్ చార్జీల ఏటీపీని బయటికి పంపి, 3 చార్జీల ఏడీపీని లోపలికి తెస్తుంది. అంటే ఒక నెగెటివ్ చార్జీ నష్టం.

2. ఫాస్ఫేట్ వాహకం ఫాస్ఫేట్‌తో పాటు ఒక ప్రోటాన్‌ను లోపలికి తెస్తుంది. ఇక్కడ నికర చార్జీ మారదు.

చాలామంది తప్పేది ఇక్కడే. ఒక్కో వాహకానికి ఒకటి చొప్పున వేసి మొత్తం 5 అంటారు. మా చెన్నై క్లాసులో ప్రతి బ్యాచ్‌లోనూ ఇదే గొడవ. మొదటిది ఖర్చు చేసేది చార్జీని మాత్రమే, రెండోది ప్రోటాన్‌ను చార్జీ లేకుండా. రెండూ కలిస్తేనే ఒక పూర్తి ప్రోటాన్.

3. కాబట్టి 3+1=4. ఎన్‌ఏడీహెచ్‌కి 10/4=2.5, 6 ప్రోటాన్లనే పంపించే మరో ఎలక్ట్రాన్ వాహక అణువు ఎఫ్‌ఏడీహెచ్2కి 6/4=1.5.

మనిషి సింథేస్‌లో ప్రోటాన్లతో తిరిగే చక్రానికి (సి-రింగ్) 8 ఉపభాగాలే, అంటే ఒక చుట్టుకు 8 ప్రోటాన్లతో 3 ఏటీపీ, కాబట్టి అసలు ఖర్చు 8/3+1, దాదాపు 3.7. పరీక్షలో మాత్రం 4 వేయండి, టెన్షన్ వద్దు.

4. గ్లైకాలిసిస్‌లో (మైటోకాండ్రియా బయట గ్లూకోజ్‌ను విడగొట్టే మొదటి దశ) వచ్చే ఎన్‌ఏడీహెచ్ నేరుగా లోపలికి పోలేదు, దాని ఎలక్ట్రాన్లను షటిల్ అనే మార్గం లోపలికి చేరుస్తుంది. మాలేట్–ఆస్పార్టేట్ షటిల్ అయితే 2.5, గ్లిసరాల్ ఫాస్ఫేట్ షటిల్ అయితే 1.5. మీ పుస్తకంలో ఒక గ్లూకోజ్‌కి 32 ఏటీపీ అనీ 30 అనీ రెండు అంకెలు ఉన్నది అందుకే.