క్లచ్ తొక్కినా గేరు పడకపోతే
అన్నా, పాత టాటా 407 లారీకి ఇంట్లోనే క్లచ్ ప్లేటు మార్చాక, పెడల్ పూర్తిగా తొక్కినా గేరు కర్రుమంటోందన్నారు కదా. వెంటనే గేర్ బాక్స్ దించకండి. ముందు పెడల్ ఫ్రీ ప్లే, అంటే క్లచ్ పట్టుకునే ముందు పెడల్ ఊరికే కదిలే దూరం, చూడండి. క్లచ్ హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడితో పనిచేసేది) అయితే పెడల్‌ని నాలుగైదుసార్లు గబగబా పంప్ చేయండి, అప్పుడు గేరు పడితే ఆయిల్ లైన్‌లో గాలి ఉండే అవకాశం ఎక్కువ.

అదీ కాకపోతే ప్లేటు తిరగేసి బిగించి ఉంటారు. స్ప్రింగులు ఉబ్బుగా ఉన్న వైపు సాధారణంగా గేర్ బాక్స్ వైపుకి రావాలి. చాలా ప్లేట్ల మీద ‘ఫ్లైవీల్ సైడ్’ (ఇంజిన్ వైపు) అని రాసే ఉంటుంది. గ్రీజు మరకల్లో నాకూ ఓసారి అది కనపడలేదు, ఆదివారం మొత్తం దానికే పోయింది. బిగించేటప్పుడు గేర్ బాక్స్ బరువంతా ప్లేటులోకి దూరే షాఫ్ట్ మీద వేలాడిందా? అయితే ప్లేటు వంగి ఉండొచ్చు. మళ్ళీ దించాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరకండి, స్టాండ్లు పెట్టండి.