షీట్ మెటల్ ఫిట్టింగుల మార్కింగ్‌కి సాఫ్ట్‌వేర్ కొంటే చాలదా?

ప్రశ్న: చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు పెట్టాను. డక్టు (గాలి గొట్టం) బెండ్లు, రెడ్యూసర్లు (పెద్ద గొట్టాన్ని చిన్నదానికి కలిపేవి), స్క్వేర్ టు రౌండ్ (ఒక చివర నలుపలకలు, ఇంకో చివర గుండ్రం) లాంటివాటికి డెవలప్‌మెంట్, అంటే మడిచే ముందు షీటు మీద ఉండే చదును ఆకారం, గీయడానికి సాఫ్ట్‌వేర్ కొంటే సరిపోతుందా? చేత్తో మార్కింగ్ నేర్చుకోవడం ఇంకా అవసరమా?

జవాబు: ముందు చేత్తో నేర్చుకోండి. డబ్బు మిగిలితే తర్వాత సాఫ్ట్‌వేర్ కొనండి. ఈ మాట అంటే పాతకాలం మనిషిననుకుంటారు. మా షాపులో కంప్యూటర్ ఉంది, రోజూ వాడతాను, అయినా ఇదే చెబుతాను.

మాది మిర్యాలగూడ. చుట్టూ రైస్ మిల్లులే కాబట్టి మా పనంతా సైక్లోన్లు (గాలిలోంచి ఊకని, దుమ్ముని వేరుచేసేవి), బ్లోయర్ డక్టులు, హాపర్లు (గరాటు తొట్లు), ఎలివేటర్ స్పౌట్లు (ధాన్యం జారే గొట్టాలు). ఊకలో సిలికా ఎక్కువ. గాలితో పాటు పైపులో పరుగెడుతూ బెండు వీపుని, అంటే వంపు బయటివైపుని, గీకి గీకి చిల్లు పెడుతుంది. అందుకే బెండ్ల ఆర్డర్లకి మాకు కొదవ ఉండదు. ఇక ఈ సాఫ్ట్‌వేర్ గురించి ఎవరు అడిగినా నాకు ఒక యాసంగి సీజన్ గుర్తొస్తుంది.

వడ్ల లారీలు మిల్లుల ముందు బారులు తీరి ఉన్న రోజులు. ఒక మిల్లులో కొత్త బ్లోయర్ పెట్టారు. దాని నుంచి వచ్చే 400 మిల్లీమీటర్ల రౌండు డక్టు సైక్లోన్ నోటికి కలవాలి. నోరు 250 వెడల్పు, 450 ఎత్తు. రెండూ ఒకే సెంటర్‌లో లేవు, రౌండు 100 మిల్లీమీటర్లు పైకి ఉంది. మధ్యలో ఉన్న జాగా 500. అంటే ఆఫ్‌సెట్ స్క్వేర్ టు రౌండ్ అన్నమాట. మిల్లువాళ్లు హైదరాబాద్‌లో ఒక డిజైన్ కుర్రాడితో సాలిడ్‌వర్క్స్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీయించి, బాలానగర్‌లో 3 ఎంఎం ప్లేటు లేజర్ కటింగ్ చేయించారు. రెండు ముక్కలు బస్సు కార్గోలో దిగాయి. కటింగ్ ఎంత నున్నగా ఉందో చెప్పలేను. ఎక్కడ మడవాలో ఆ గీతలు కూడా సన్నగా లేజర్‌తోనే గీసి ఉన్నాయి. డ్రాయింగ్ మీద "క్వాంటిటీ 2" అని ఉంది. అంతే, ఇంకేమీ రాయలేదు.

మిల్లులో పనిచేసే వెల్డర్లు గీతలున్న ముఖం లోపలికి వచ్చేలా రెండింటినీ మడిచారు. గీతలు ఒకవైపే ఉంటే ఎవరైనా అదే చేస్తారు. తర్వాత రెండూ దగ్గర పెట్టి ట్యాక్ (చుక్క వెల్డింగు) వేయబోతే కుదరలేదు. చతురస్రం వైపు అంచులు చక్కగా కలుస్తున్నాయి. రౌండు వైపు మాత్రం ఒక సగం పైకి, ఒక సగం కిందికి పోతోంది. టేపు పెట్టి చూస్తే రెండు సగాలకీ మధ్య 200 తేడా. అప్పుడు మాకు ఫోను వచ్చింది. రాత్రి తొమ్మిది దాటింది, ఓనర్‌కి టెన్షన్. మిల్లు ఆగితే రోజుకి ఎంత నష్టమో అక్కడికి వచ్చిన ప్రతివాళ్లకీ చెబుతున్నాడు.

మా షాపులో పెద్ద మార్కర్, అంటే ప్లేటు మీద గీతలు గీసే పెద్దమనిషి, ఉండేవారు. అందరం చాచా అనేవాళ్లం. ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. చాచా వంగి కూడా చూడలేదు. నిలబడే అన్నారు: "రెండూ ఎడమ కాలి చెప్పులే తెచ్చిన్రు కదరా."

నిజానికి కుర్రాడి లెక్కలో ఒక్క మిల్లీమీటరు తేడా లేదు. ఈ ఫిట్టింగుని నిలువునా సగానికి కోస్తే ఎడమ సగం, కుడి సగం అద్దంలో బొమ్మల్లా ఉంటాయి. చదునుగా పరిస్తే రెండింటికీ ఒకే ఆకారం. అందుకే "క్వాంటిటీ 2" అన్నాడు, అదీ సరైనదే. కానీ ఒకదాన్ని గీతలు లోపలికి, రెండోదాన్ని గీతలు బయటికి వచ్చేలా మడవాలి. ఆ ఒక్క ముక్క డ్రాయింగ్‌లో లేదు. ప్లేటుకి లోపలి ముఖం, బయటి ముఖం ఉంటాయన్నది స్క్రీన్ ముందు కూర్చున్నవాడికి తట్టదు. స్క్రీన్ మీద ప్లేటుని ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు కదా.

మడిచినదాన్ని సాపు చేసి తిరగేసి మడుద్దాం అన్నాడొక వెల్డర్. 3 ఎంఎం ప్లేటు, మూలల దగ్గర దగ్గరదగ్గరగా మడతలు. సుత్తెతో కొట్టి సాపు చేస్తే అప్పడంలా అవుతుంది తప్ప ప్లేటు అవదు. బాలానగర్‌కి మళ్లీ చెబుదామంటే మర్నాడు ఆదివారం. చాచా ఎవరి మాటా వినిపించుకోకుండా సిమెంటు గచ్చు మీద ఊక ఊడ్పించి, సుద్దతో పై నుంచి చూస్తే ఫిట్టింగు ఎలా కనిపిస్తుందో ఆ ప్లాన్ అసలు సైజులో గీశారు. సగం చతురస్రం, దానిమీద సగం సర్కిల్. ఆ సగం సర్కిల్‌ని ఆరు భాగాలు చేసి, దగ్గరి మూల నుంచి ఒక్కో చుక్కకీ గీత కలిపారు. ఆ పక్కనే ఎల్ ఆకారంలో రెండు గీతలు. నిలువు గీత 500, అదే ఫిట్టింగు ఎత్తు. అడ్డగీత మీద ప్లాన్‌లోని పొడవుల్ని ఒక్కొక్కటే పెట్టి, ఏటవాలు దూరాన్ని ట్రామెల్‌తో (పొడుగు కడ్డీకి రెండు మొనలు బిగించిన పెద్ద కంపాస్) పట్టుకున్నారు. అదీ గీత అసలు పొడవు. ఇక ప్లేటు మీద త్రిభుజం పక్కన త్రిభుజం, వరసగా.

నేను ఆయన దగ్గర చూసినవాటిలో నాకు బాగా పనికొచ్చింది ఒకటుంది. రౌండు వైపు చుక్కకీ చుక్కకీ మధ్య దూరానికి ఆయన డివైడర్‌ని (రెండు మొనల కంపాస్) సర్కిల్ మీద పెట్టి పట్టుకోలేదు. జేబులోంచి కాగితం తీసి లెక్క వేశారు. 400 రౌండు చుట్టుకొలత 1256.6, అందులో పన్నెండో వంతు 104.7. డివైడర్‌తో చుక్క నుంచి చుక్కకి తిన్నగా పట్టుకుంటే 103.5 వస్తుంది. చుట్టూ పన్నెండుసార్లు వేసేసరికి 14 మిల్లీమీటర్లు తక్కువ పడుతుంది. ఫ్లాంజి (చివర బిగించే రింగు) ఎక్కదు. "షీటు కురచైంది" అని షీటుని తిట్టే షాపులు నాకు చాలానే తెలుసు. తిట్టాల్సింది డివైడర్‌ని.

గీయడం అయ్యాక చాచా సోప్‌స్టోన్‌తో ప్లేటు మధ్యలో పెద్ద అక్షరాలతో "లోపల" అని రాసి, గ్యాస్ కటింగ్‌కి ఇచ్చి, టీ అడిగారు. తెల్లారి బ్లోయర్ తిరిగింది. ఓనర్ ఆయనకి ఇచ్చిన డబ్బు ఎంతో చెప్పను, సిగ్గుచేటు. ఆ డిజైన్‌కి హైదరాబాద్‌లో కట్టిన బిల్లు మాత్రం నేను కళ్లారా చూశాను.

ఇక్కడొక మాట చెప్పి తీరాలి. వెల్డర్‌కి కూలీ పెరిగింది, పెయింటర్‌కి పెరిగింది. మార్కర్‌కి మాత్రం "గీతలే కదా గీసేది" అంటారు. గీత తప్పితే ఆ వెల్డింగు దేనికి? అందుకే కుర్రాళ్లు ఎవరూ ఈ పనికి రావడం లేదు. వచ్చినవాళ్లు ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకుంటామంటారు. వాటిలో పెద్ద పాట, వేగంగా కదిలే చేతులు, ఒక్క కొలత కనబడదు.

కస్టమర్లు పంపే డ్రాయింగుల సంగతి వేరే చెప్పాలి. ఏటవాలుగా తీసిన వాట్సాప్ ఫోటో, సగం మీద వేలి నీడ. "600 డయా, 6 ఎంఎం ప్లేటు" అని రాస్తారు. 600 లోపలా, బయటా అని ఉండదు. ప్లేటు పొడవు లెక్కకి మందం మధ్యలో ఉండే డయా పట్టుకోవాలి. 600 లోపలి కొలతైతే ఆ డయా 606, ప్లేటు 1904 కావాలి. బయటి కొలతైతే 594, ప్లేటు 1866 చాలు. తేడా 38 మిల్లీమీటర్లు, అంటే ఒకటిన్నర అంగుళం. ఫోన్ చేసి అడిగితే "అంత లోతుకి ఎందుకండీ, మీరే చూసుకోండి" అంటారు. ఇదే ప్రశ్న సాఫ్ట్‌వేర్ కూడా మిమ్మల్నే అడుగుతుంది. మీకు జవాబు తెలియకపోతే అందులో ఉన్న అంకెనే వదిలేసి ఓకే నొక్కుతారు. తప్పు అంకె కూడా అందంగానే ప్రింట్ అవుతుంది.

ప్రింట్ అంటే గుర్తొచ్చింది. టెంప్లేటు ప్రింట్ తీసేటప్పుడు "ఫిట్ టు పేజ్" అని టిక్ ఉంటే కాగితానికి సరిపోయేలా అంతా కాస్త కుదించేస్తుంది. డ్రాయింగ్ పక్కన 100 మిల్లీమీటర్ల గీత ఒకటి గీసి పెట్టుకుని, ప్రింట్ రాగానే స్టీల్ రూలుతో కొలవండి.

సరే, మీ బెండ్ల సంగతికి వస్తాను. నాలుగు ముక్కల 90 డిగ్రీల బెండుకి సాఫ్ట్‌వేర్ కొనడం దండగ. మధ్యలో రెండు ముక్కలు 30 డిగ్రీలవి, చివర్లలో రెండు సగం ముక్కలు 15వి. 300 డయా, సెంటర్ రేడియస్ 450 అనుకోండి. ఒక్కో గీత ఎత్తు కావాలంటే 450 లోంచి, 150ని (డయాలో సగం) ఆ గీత కోణం కొసైన్‌తో గుణించినది తీసేసి (కోణాన్ని పైపు చుట్టూ లోపలి వంపు నుంచి లెక్కపెట్టాలి), మిగిలినదాన్ని 15 డిగ్రీల టాంజెంట్‌తో అంటే 0.268తో గుణించండి. చివరి ముక్కకి లోపలి వంపు దగ్గర 80.4, మధ్యలో 120.6, వీపు దగ్గర 160.8 వస్తాయి. మధ్య ముక్కలకి వీటికి రెట్టింపు. ఎక్సెల్‌లో ఒక్కసారి పెట్టుకుంటే జన్మంతా పనికొస్తుంది. ఎక్సెల్ కోణాన్ని రేడియన్లలో చూస్తుంది, కాబట్టి డిగ్రీల్ని మార్చి ఇవ్వండి. తిన్నగా 30 అని కొడితే కొసైన్ 0.866 రావలసిన చోట 0.154 చూపిస్తుంది. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు ఆ అంకెలతో గీసిన గీత పామ్మెలికల్లా ఉంటే, అది కూడా డిజైనే అనుకున్నాడు.

ఇంకా ముఖ్యమైనది జాయింట్, అంటే ముక్కని చుట్టాక రెండు అంచులూ కలిసే చోటు, ఎక్కడ పెట్టాలన్నది. మొదటి ముక్కకి జాయింట్ లోపలి వంపు మీద, రెండోదానికి వీపు మీద, మూడోదానికి మళ్లీ లోపల, ఇలా మార్చి మార్చి పెడితే ఒక ముక్క పై గీతే రెండో ముక్క కింది గీత అవుతుంది. పైన చెప్పిన బెండు మొత్తం 942 పొడవు, 724 వెడల్పు ఉన్న ఒకే ముక్కలో వచ్చేస్తుంది. అన్నీ ఒకే వైపు జాయింట్ పెట్టి విడివిడిగా గీస్తే వెడల్పు 965 దాకా పోతుంది. పావు వంతు షీటు తుక్కులోకే. పైగా అన్ని జాయింట్లూ వీపు మీదే పడితే ఊక ముందు అక్కడే తినేస్తుంది. నాకు వచ్చిన కంప్యూటర్ డ్రాయింగుల్లో ఇలా జాయింట్ మార్చి ఇచ్చినవి దాదాపు లేవు. మార్చమని అడిగితే ప్రోగ్రామ్ మారుస్తుంది, అడగాలని తెలియాలి అంతే. లాక్ సీమ్‌కీ (అంచులు ఒకదానిలో ఒకటి మడిచి బిగించే జాయింట్) ఫ్లాంజికీ వదిలే అంచు ఆ కొలతల్లో లేదు, విడిగా కలుపుకోండి.

మరి కొనాల్సిన అవసరం ఎప్పుడంటారా? ఆఫ్‌సెట్ హాపర్లు, వై పీసులు (ఒక గొట్టం రెండుగా చీలేవి), ఏటవాలు బ్రాంచీలు వారం వారం వస్తుంటే కొనండి. ప్లేట్ ఎన్ షీట్ లాంటివి అచ్చంగా ఈ పనికే ఉన్నాయి, కొలతలు ఇస్తే ప్యాటర్న్ ఇస్తాయి. ఆటోక్యాడ్ వచ్చినవాడు పక్కన ఉంటే దాంతోనే లాగించొచ్చు. లేజర్ కటింగ్‌కి పంపాలంటే ఎలాగూ డీఎక్స్ఎఫ్ ఫైలు (కంప్యూటర్ డ్రాయింగ్ ఫైలు) కావాలి కాబట్టి అక్కడ కంప్యూటర్ తప్పదు. ఒక్కటి మాత్రం డ్రాయింగ్ గీసేవాడితో గట్టిగా చెప్పండి: ప్రతి ముక్క మీద ఏ ముఖం లోపలికో రాయాలి, "క్వాంటిటీ 2" ఉంటే ఒకటి ఎడమ, ఒకటి కుడి అని విడగొట్టాలి.

అంతవరకూ రెండు ట్రామెల్ హెడ్లు కొని, ఒక అంగుళం పైపుకి బిగించుకోండి. ఒక మంచి స్క్రైబర్ (ప్లేటు మీద గీత గీసే మొన), డాట్ పంచ్ (చుక్క కొట్టేది), మీటరు స్టీల్ రూలు చాలు. మొదటి ఫిట్టింగుని ప్లేటు మీద గీయకండి. అట్ట మీద పదో వంతు సైజులో గీసి, కత్తిరించి, మడిచి, టేపు అంటించి చూడండి. ఎడమ సగం, కుడి సగం గొడవ అక్కడే తేలిపోతుంది, అట్టకి పది రూపాయలు కూడా కావు.